పొద్దున మూడు గంటలంటే

బిడ్డా,

ఇథియోపియా కాలేజీ పిల్లలతో ఆన్‌లైన్ ప్రాజెక్టు చేస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. రిటైరయ్యే ముందు నేనూ రెండేళ్లు మా డిగ్రీ పిల్లలతో ఇలాంటిదే చేయించాను. అందుకే ఈ ఉత్తరం.

మేం మొదటి మీటింగే పోగొట్టుకున్నాం. "పొద్దున మూడింటికి" అని వాళ్లు మెసేజ్ పెడితే, అంత చీకట్లో ఎవరు లేస్తారని మా పిల్లలు నవ్వి ఊరుకున్నారు. వాళ్ల గంటల లెక్క పొద్దు పొడుపుతో మొదలవుతుంది. వాళ్లు మూడన్నారంటే గడియారంలో తొమ్మిది. మనం వాళ్లకన్నా రెండున్నర గంటలు ముందు కాబట్టి, నల్లగొండలో పదకొండున్నర! మా నాయనమ్మ కూడా పొద్దును జాముల్లో లెక్కేసేది, అయినా మాకు తట్టలేదు. టైం అన్నప్పుడల్లా "ఏ లెక్కన?" అని అడుగు.

వాళ్లకు ఇంటిపేరు ఉండదు, రెండో పేరు తండ్రిది. దానితో పిలిస్తే వాళ్ల నాన్నను పిలిచినట్టే. నీకేమో ఇంటిపేరు ముందుంటుంది, వాళ్లు దాన్నే పట్టుకుంటారు. తెర మీది పేరు ముందే మార్చుకో.

మాట్లాడుతుండగా ఒకమ్మాయి గభాలున ఊపిరి లోపలికి లాగింది. ఏమైందోనని హడలిపోయాం. అవుననడమట! మనం తల అటూఇటూ ఊపితే వాళ్లకూ అర్థం కాదు, నోటితో చెప్పు.

బతుకమ్మ స్లైడ్లతో మొదలుపెట్టమని మీ సార్లు అంటారేమో. నాకది నచ్చదు. వాళ్లు చప్పట్లు కొడతారు, అక్కడితో అయిపోతుంది. నీళ్లతో మొదలుపెట్టు. మన నల్లగొండలో లాగే వాళ్ల రిఫ్ట్ లోయ ఊళ్లలోనూ భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఉంది. పటిక, సున్నం వేసి దాన్ని తగ్గించే పద్ధతిని నాగపూర్ 'నీరి' పరిశోధన సంస్థ వాళ్లు తయారుచేస్తే, అక్కడా వాడారు. దాని పేరే నల్గొండ టెక్నిక్. మా గ్రూపులో ఒకబ్బాయి నల్లగొండంటే ఊరనుకోలేదు, ఏదో మందు పేరనుకున్నాడు! ఆ రోజు గంట మీటింగ్ రెండు గంటలు నడిచింది.

మర్రిగూడ వైపు ఆ ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిన కాళ్ల ఫోటోలు పెట్టాలనిపిస్తుంది. ఆ మనిషిని అడగకుండా పెట్టకు. దానికన్నా, మిషన్ భగీరథ నల్లా నీళ్లు రాకముందు ఏం తాగేవాళ్లో మీ తాతను అడిగి రికార్డు చెయ్యి. ఆయన మాట ఆయన యాసలోనే ఉండనీ, కింద ఇంగ్లిష్ రాస్తే చాలు. వాళ్లనూ వాళ్ల ఇంట్లో పెద్దవాళ్లను అడగమను.

కరెంటు పోతే ఉండేలా ఫోన్‌లో డేటా వేయించుకో. ఆదివారం ఇంటికొస్తే మా పాత చాట్లు చూపిస్తా.

మీ పెద్దమ్మ