బొమ్మ నడవాలంటే బరువు కిందికి ఉండాలి

ప్రశ్న: మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లలతో దారాల బొమ్మలు చేయించాం. తలలు కొబ్బరి చిప్పలతో, ఒళ్లు థర్మాకోల్‌తో చేశాం. ముఖాలు బాగా వచ్చాయి గానీ పైకెత్తగానే బొమ్మ గిరగిరా తిరుగుతోంది, నడిపిస్తే కాళ్లు ఎటుపడితే అటు పోతున్నాయి. పిల్లలు డీలాపడ్డారు. ఏం చేయాలి?
– ఒక టీచర్, దేవరకొండ

జవాబు: టీచర్ గారూ, పిల్లల పని బాగానే ఉంది, బరువు ఉండాల్సిన చోట లేదు, అంతే. చిప్ప బరువు, థర్మాకోల్ తేలిక. అందుకని బరువంతా తలలోనే ఉండిపోయింది. దారాల బొమ్మకి తల తేలిగ్గా, నడుము బరువుగా, పాదాలు ఇంకాస్త బరువుగా ఉండాలి. అప్పుడే దారాలు బిగువుగా నిలబడతాయి, కాలు ఎత్తి వదిలితే తనంతట తానే నేలమీదికి వస్తుంది. ముఖం మీద వారం రోజులు కూర్చునే వాళ్లు నడుము దగ్గర ఒక్క పూట కూడా కూర్చోరు. ప్రేక్షకులు పది అడుగుల దూరంలో ఉంటారు, వాళ్లకు కనుబొమల గీత కనపడదు, నడక కనపడుతుంది.

థర్మాకోల్ తీసేసి ఛాతీకి ఒకటి, నడుముకి ఒకటి రెండు చెక్కముక్కలు పెట్టండి. వాటి మధ్య గట్టి గుడ్డపట్టీ కొట్టండి, బొమ్మ వంగగలుగుతుంది. నడుము ముక్కకి, పాదాలకి ఇనుప నట్లు కట్టి చూడండి, నడక కుదిరాకే అతికించండి. చేపల వలకి కట్టే సీసం గుండ్లు మాత్రం వద్దు, సీసం విషం, పిల్లలు చేతులతో ముట్టుకునే వస్తువులో ఉండకూడదు.

మోకాలు వెనక్కి మాత్రమే మడవాలి. తొడ ముక్క అడుగునా, పిక్క ముక్క పైనా వెనకవైపు ఏటవాలుగా కోసి, రెండింటిలో సన్నని గాడి తీసి పాత తోలు చెప్పు పట్టీ ముక్కని దూర్చి చిన్న మేకు కొట్టండి. తోలు కన్నా మంచి కీలు నాకు కనపడలేదు, ఇనుప కొక్కేల్లా చప్పుడు చేయదు. మోచేతికి ఇంత అక్కర్లేదు, గుడ్డ కీలు చాలు, చెయ్యి ఎటు తిరిగినా అందమే.

తలకి కాగితం వాడండి. మట్టితో తల చేసి, మొదటి పొర ఒట్టి తడి కాగితం అంటించండి, జిగురు వద్దు. దాని మీద మైదా లైతో ఆరేడు పొరలు. కాగితం కత్తిరించకుండా చింపండి, చింపిన అంచు అతుకు తెలియకుండా కలిసిపోతుంది. ఒక పొర న్యూస్‌పేపర్, తర్వాతది ఖాకీ కాగితం వేస్తే ఎక్కడ వదిలేశారో పిల్లలకే కనపడుతుంది. మన ఎండలో పెడితే వంకర పోతుంది, నీడలో ఆరనివ్వండి. ఆరాక చెవుల మీదుగా బ్లేడుతో రెండుగా కోసి, మట్టి తీసేసి మళ్లీ అతికించాలి. ముక్కు, కనుబొమలు ఎత్తుగా రావాలంటే చింతగింజల పిండి జిగురులో రంపపు పొట్టు కలిపి పెట్టండి, చేర్యాల మాస్కులు చేసేవాళ్ల పద్ధతి అది. పురుగు పట్టకుండా లైలో మైలతుత్తం వేయమని ఎవరైనా చెబితే వినకండి, అది కూడా విషమే.

ఇక గిరగిరా తిరగడం. నడినెత్తిన ఒకే దారం కట్టి ఉంటారు. రెండు చెవుల పైన చెరొకటి కట్టండి, ఆగిపోతుంది.

ప్రశ్న: కొయ్య చెక్కి బొమ్మ చేయాలని ఉంది. ఏ కర్ర మంచిది? అడవిలో పాలకొడిసె ఉంటుందంటున్నారు.
– ఒక పాఠకుడు, అచ్చంపేట

జవాబు: అడవి జోలికి పోకండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో చెట్టు కొట్టడం నేరం, బొమ్మ కోసం ఆ పని చేయాల్సిన అవసరమూ లేదు. నిర్మల్, కొండపల్లి వాళ్లు పొనికి వాడతారు, తేలిగ్గా మెత్తగా ఉంటుంది. అది దొరక్కపోతే పొలం గట్టున పడిపోయిన బూరుగు కొమ్మ తీసుకోండి, చెక్కడం తేలిక, కాకపోతే తొందరగా పుచ్చుతుంది కాబట్టి బాగా ఆరబెట్టి రంగు పూర్తిగా వేయాలి. వేప బరువు, తలకి వద్దు, నడుముకి, పాదాలకి భేషుగ్గా ఉంటుంది. రాజస్థాన్‌లో కఠ్‌పుత్లీ అనే దారాల బొమ్మలు ఆడించేవాళ్లు మామిడి కర్రతో తల చెక్కుతారు, కాళ్లే పెట్టరు, పొడవాటి పావడా కింద అవసరం రాదు. మొదటి బొమ్మ మీరు అలా చేయడమే మంచిదని నా అభిప్రాయం. బట్టకి పాత నారాయణపేట నూలు చీర తీసుకోండి, ఉతికి ఉతికి మెత్తబడింది అయితే బొమ్మ కదిలినప్పుడు బట్ట కూడా కదులుతుంది. కొత్త పట్టు బిర్రుగా నిలబడి కీళ్లని ఆడనివ్వదు.

ప్రశ్న: ఎన్ని దారాలు కట్టాలి? చిక్కులు పడి ప్రోగ్రాం మధ్యలో టెన్షన్ అవుతోంది.
– ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: అమ్మా, ఐదుతో మొదలుపెట్టండి: తలకి రెండు, చేతులకి రెండు, నడుము వెనక ఒకటి. ఆ వెనకది ఉంటేనే బొమ్మ వంగి దండం పెడుతుంది. గొంబెయాట అనే కర్ణాటక దారాల బొమ్మలాటలో బొమ్మలకి కూడా ఐదు నుంచి ఏడు దారాలే ఉంటాయి. ఇవి చేతికి అలవాటయ్యాక మోకాళ్లకి రెండు, భుజాలకి రెండు కలపండి, మొత్తం తొమ్మిది. భుజాల దారాలు వచ్చాక బరువు వాటి మీదే ఉండాలి, తల దారాలు ఊరికే బిగువుగా ఉంటే చాలు, అప్పుడు తల విడిగా ఊపొచ్చు.

నైలాన్ గాలపు దారం లైటు పడితే మెరుస్తుంది, ముడి జారుతుంది కూడా. నల్లటి గట్టి పురి దారం కొనండి. పొడవు కొలవడానికి మీరు నిలబడి మోచెయ్యి మడిచి పట్టుకర్రని, అంటే దారాల పై కొసలు కట్టే కర్రని, పట్టుకోండి, బొమ్మ పాదం నేలకి ఆనాలి, అదే కొలత. ఆట అయ్యాక పట్టుకర్రని గుండ్రంగా తిప్పి దారాలన్నీ ఒకే పురిగా చేసి, ఒక గుడ్డముక్కతో వదులుగా కట్టి మేకుకి వేలాడదీయండి. మళ్లీ తీసినప్పుడు వెనక్కి తిప్పితే విడిపోతాయి. పెట్టెలో పడుకోబెడితే మాత్రం చిక్కు తప్పదు.