‘సమ్మర్‌టైమ్’కు మార్కులు: పాఠకుల సంగీత ప్రశ్నలు

ప్రశ్న: జార్జ్ గెర్ష్‌విన్ స్వరపరచిన ‘సమ్మర్‌టైమ్’ పాటను నేను మొదట జానిస్ జాప్లిన్ గొంతులో విన్నాను. తరువాత బిల్లీ హాలిడే, ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ పాడినవి వింటే ఇవన్నీ ఒకే పాటేనా అన్న అనుమానం కలిగింది. వీటిలో ఏది మేలైనదో చెప్పి, పదికి ఎన్నేసి మార్కులు వేస్తారో తెలుపగలరు. (ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: మార్కులు వేయడానికి నాకు అభ్యంతరం లేదు కానీ, ఏ కొలతతో వేస్తున్నానో ముందుగా చెప్పడం న్యాయం. ఈ పాట 1935లో మొదటిసారి ప్రదర్శించిన ‘పోర్గీ అండ్ బెస్’ అనే ఒపెరాలోనిది, అంటే పాటలతోనే సాగే నాటకంలోనిది. డ్యూబోస్ హేవర్డ్ 1925లో ప్రచురించిన నవల, దాని ఆధారంగా ఆయన తన భార్య డొరొతీతో కలిసి రాసిన నాటకం ఆ ఒపెరాకు మూలం. ఈ పాట సాహిత్యం కూడా హేవర్డ్‌దే. అమెరికాలోని దక్షిణ కరోలినాలో, చార్ల్‌స్టన్ రేవు దగ్గర నల్లజాతి పేదలు నివసించే క్యాట్‌ఫిష్ రో అనే వాడలో, క్లారా అనే జాలరి భార్య తన చంటిబిడ్డను ఒడిలో పెట్టుకొని పాడే జోలపాట ఇది. వేసవి వచ్చింది, బతుకు హాయిగా ఉంది, చేపలు ఎగురుతున్నాయి, పత్తి ఏపుగా పెరిగింది, మీ నాన్న ధనవంతుడు, మీ అమ్మ అందగత్తె, మేమిద్దరం పక్కనుండగా నీకు ఏ హానీ జరగదు అని ఆమె బిడ్డకు చెబుతుంది. ఆ వాడలో ధనవంతుడన్నవాడు లేడు. పత్తి పొలాలూ వారివి కావు. కథ సాగేకొద్దీ తుపానులో తండ్రి జేక్ పడవ బోల్తా పడుతుంది, బిడ్డను కథానాయిక బెస్ చేతికిచ్చి భర్త కోసం పరుగెత్తిన క్లారా కూడా తిరిగిరాదు. మూడవ అంకంలో అదే బిడ్డకు అదే పాటను బెస్ పాడే సమయానికి అందులోని ఒక్క మాట కూడా నిలబడి ఉండదు.

జోలపాటల్లో ఇటువంటి అబద్ధాలు మనకు కొత్త కాదు. పాతచీరతో కట్టిన ఉయ్యాలలోని బిడ్డకు బంగారు తొట్టెల గురించి పాడిన తల్లులు మన ఊళ్లలోనూ ఉన్నారు. కనుక ఈ పాటను ఎవరు పాడినా నేను చూసేది ఒక్కటే: క్లారా ఇచ్చిన ఆ హామీని ఈ గొంతు నమ్ముతున్నదా, లేక నమ్మినట్టు నటిస్తున్నదా? గొంతు మాధుర్యాన్ని ఆ తరువాతే లెక్కలోకి తీసుకుంటాను.

క్లారా పాత్రను మొదట ధరించిన ఆబీ మిచెల్ 1935 జులైలో, రిహార్సల్ సమయంలో, గెర్ష్‌విన్ నిర్వహణలోనే పాడిన రికార్డింగు ఇప్పటికీ దొరుకుతున్నది. అది కొలబద్ద వంటిది కనుక దానికి మార్కులు వేయను. అయితే తక్కినవాటి కంటే ముందు దానిని ఒకసారి వినండి. శిక్షణ పొందిన సొప్రానో (పై స్థాయి స్త్రీ స్వరం) గొంతులో, ఏ విరుపూ లేకుండా, హామీని పూర్తిగా నమ్మిన తల్లి అందులో వినిపిస్తుంది.

ఒపెరా వేదికకెక్కి ఏడాది నిండకముందే, 1936 జులైలో, బిల్లీ హాలిడే దీనిని రికార్డు చేసింది. అప్పటికి ఆమె వయస్సు ఇరవై ఒక్క సంవత్సరాలు. బన్నీ బెరిగన్ ట్రంపెట్ గుర్రుమంటూ మొదలుపెడుతుంది, వెనుక ఆర్టీ షా క్లారినెట్ వినిపిస్తుంది, నడక జోలపాటకు తగినదానికంటే చురుకుగా ఉంటుంది. ఆమె గొంతు పరిధి చిన్నది. గెర్ష్‌విన్ రాసిన ఎత్తుల్లో కొన్నింటిని ఆమె చదును చేసి, మాటలను తాళానికి కాస్త వెనుకగా జార్చుతుంది. నాన్న ధనవంతుడు అన్న మాటను ఆమె పలికినప్పుడు అందులో తల్లి లాలన కంటే, ఈ సంగతి నాకు తెలుసులే అన్న పెంకితనమే ఎక్కువగా వినిపిస్తుంది. ఎనిమిదిన్నర.

ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కలిసి 1957లో రికార్డు చేసినదానికి రసెల్ గార్సియా వాద్యబృందాన్ని సమకూర్చాడు. చాలామంది దృష్టిలో ఇదే అన్నిటికంటే అందమైనది, ఆ మాటను నేను కాదనను. ముందుగా ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రంపెట్‌తో వరుసను వినిపిస్తాడు, ఆ తరువాత ఎల్లా గొంతు ఒక్క మరక కూడా లేకుండా వస్తుంది. ఆమె ఒక్కతే పాడి ఉంటే నేను ఏడున్నర దగ్గర ఆగేవాడిని. ఎందుకంటే ఆ గొంతు పేదరికాన్ని ఎరిగిన జాడ ఈ పాటలో నాకు కనబడదు. రెండవ చరణాన్ని ఆర్మ్‌స్ట్రాంగ్ తన గరుకు గొంతుతో అందుకోవడంతో లెక్క మారుతుంది. ఒక యువతి హామీ ఇస్తుంటే, లోకం చూసిన పెద్దవాడు ఆ హామీని కాదనలేక, తానూ గొంతు కలిపి బిడ్డను జోకొడుతున్నట్టు ఉంటుంది. తొమ్మిది.

మీరు అడగని పేరు ఒకటి ఇక్కడ చేర్చక తప్పదు. మహేలియా జాక్సన్ భక్తిగీతాల గాయని. నైట్‌క్లబ్బుల్లో పాడమన్నా, బ్లూస్ అనే లౌకిక విషాద గీతాలు పాడమన్నా ఒప్పుకోని మనిషి. అటువంటి ఆమె 1956లో ‘సమ్మర్‌టైమ్’ను తీసుకొని, తల్లిలేని బిడ్డలా ఉన్నానని వాపోయే ఒక పాత నల్లజాతి ఆధ్యాత్మిక గీతంతో కలిపి పాడింది. ఈ రెండు పాటల వరుసల మధ్య పోలిక ఉందని సంగీత పండితులు చాలాకాలంగా చెబుతున్నదే. పాత జానపదాలను నేరుగా వాడుకోకుండా, ఆ బాణీలో తన సొంత పాటలనే కట్టుకున్నానని గెర్ష్‌విన్ ప్రకటించాడు. అయినా ఆయన చెవిలో ఏ పాటలు మెదిలాయో ఈ రికార్డింగు వింటే తెలిసిపోతుంది. అసలు విషయం అంతకంటే పెద్దది. ఒక పాటలో అమ్మానాన్నలు పక్కనే నిలబడి ఉన్నారు, రెండవదానిలో తల్లే లేదు. ఒపెరాలో మొదటి అంకం నుంచి మూడవ అంకం దాకా జరిగే కథను మహేలియా కొద్ది నిమిషాలలో, ఒక పాటలో నుంచి మరొక పాటలోకి జారుతూ చెప్పేసింది. ఆమె హామీని నమ్మి పాడుతుంది, అది నెరవేరదని తెలిసీ పాడుతుంది. నా పట్టికలో మొదటి స్థానం దీనిదే: తొమ్మిదిన్నర. మిగిలిన అర మార్కును నేను ఎవరికీ ఇవ్వను; అది పరీక్షకుల పాత అలవాటు.

ఇక మీరు మొదట విన్నది, 1968లో బిగ్ బ్రదర్ అండ్ ది హోల్డింగ్ కంపెనీ బృందంతో జానిస్ జాప్లిన్ పాడినది. పాశ్చాత్య శాస్త్రీయ స్వరకర్త బాఖ్ సంగీతాన్ని గుర్తుచేసే గిటారు అల్లికతో ఎంతో మర్యాదగా మొదలై, ఆమె నోరు విప్పగానే చీలికలు పేలికలు అవుతుంది. ఆ పాట విని ఏ బిడ్డా నిద్రపోడు. ఏడవవద్దు అన్న మాటను ఆమె అన్నిసార్లు, అంత ఆవేశంగా అంటుంటే, ఏడుస్తున్నది ఎవరో అర్థం కావడానికి ఎంతోసేపు పట్టదు. హామీని నమ్మాలని ప్రాణం పెట్టి ప్రయత్నించి నమ్మలేకపోయిన గొంతు అది. ఒపెరాలోని తల్లి ఇందులో లేదన్న ఫిర్యాదు ఒక్కటే నాది. ఎనిమిది వేస్తున్నాను, మీరు తొమ్మిది వేసుకుంటే నేను వాదించను.

బిల్లీ స్టువార్ట్ 1966లో పాడినది అమెరికా జనాదరణ పాటల పట్టికలలో 10వ స్థానం దాకా వెళ్లింది. నాలుకను గిరగిర తిప్పుతూ, మాటలను రెట్టించి పాడిన ఆ సరదాకు అయిదు చాలు.

ప్రశ్న: పాటలోని మాటలను బట్టి తూకం వేస్తే, మాటలే లేని వాద్య రికార్డింగుల మాటేమిటి? జాజ్ వాద్యకారులు మైల్స్ డేవిస్, జాన్ కోల్ట్రేన్ వాయించినవాటికి మీరు అన్యాయం చేసినట్టు కాదా? (ఒక పాఠకుడు, హైదరాబాదు)

జవాబు: కొంతవరకు అవుతుంది. అయినా ఆ కొలత పూర్తిగా పనికిరాదని అనను. 1958లో గిల్ ఎవాన్స్ వాద్యరచనతో మైల్స్ డేవిస్ వాయించినదాన్ని గమనించండి. ట్రంపెట్ మూతికి ధ్వనిని తగ్గించే మ్యూట్ బిగించి అతడు వరుసను దాదాపు గుసగుసగా వినిపిస్తుంటే, వెనుక బృందం ఒక చిన్న సంగతిని అలుపు లేకుండా తిరిగి తిరిగి వాయిస్తూ ఉంటుంది. ఊపు ఆ బృందానిది, మాట ట్రంపెట్‌ది; జోలపాటకు కావలసిన రెండూ ఉన్నాయి కనుక తొమ్మిది వేయడానికి నాకు సంకోచం లేదు. 1939లో సిడ్నీ బెషే సొప్రానో శాక్సఫోన్‌పై వాయించినది, అదే సంవత్సరం పుట్టిన బ్లూ నోట్ రికార్డుల సంస్థకు తొలి విజయాన్ని తెచ్చిపెట్టింది. ఆ వాద్యంలోని దట్టమైన వణుకు కొందరికి వెగటు కలిగించవచ్చు. నాకు మాత్రం అది మనిషి గొంతుకు అన్నిటికంటే దగ్గరగా వినిపిస్తుంది. ఎనిమిదిన్నర.

కోల్ట్రేన్ సంగతి వేరు. 1960 అక్టోబరులో టెనర్ శాక్సఫోన్‌పై పదకొండు నిమిషాలకు పైగా వాయించిన ఆ రికార్డింగులో వరుసను మొదట్లో గట్టిగా, సూటిగా ప్రకటించి, ఆ తరువాత దానిని దాటుకొని ఎక్కడికో వెళ్లిపోతాడు. మెకాయ్ టైనర్ పియానో, ఎల్విన్ జోన్స్ డ్రమ్స్ ఆ ప్రయాణానికి ఆజ్యం పోస్తాయి. అందులో బిడ్డా లేదు, వేసవీ లేదు. ‘సమ్మర్‌టైమ్’గా దానికి ఆరు మార్కులు, కోల్ట్రేన్ సంగీతంగా ఎన్నయినా వేసుకోవచ్చు.

ప్రశ్న: నేను కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నాను. ఈ పాట నాకు శుద్ధ ధన్యాసి రాగంలా వినిపిస్తుంది. నా ఊహ సరైనదేనా? కళాశాల వార్షికోత్సవంలో దీనిని పాడవచ్చునా? (ఒక విద్యార్థిని, విజయవాడ)

జవాబు: మీ చెవి సరిగానే పట్టింది. వరుసలో ఎక్కువ భాగం షడ్జమం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం చుట్టూనే తిరుగుతుంది. అయితే పత్తి ప్రస్తావన వచ్చే పాదం చివర వరుస చతుశ్రుతి రిషభం మీద ఆగుతుంది. శుద్ధ ధన్యాసిలో రిషభానికి చోటు లేదు కనుక రాగం పేరు పెట్టి బంధించకండి. అంతకంటే ముఖ్యమైనది, ఈ పాట అందంలో సగం కింద కదులుతుండే కార్డుల (ఒకేసారి మోగే స్వరాల గుత్తుల) వల్ల వస్తుంది. తంబురా శ్రుతి ఒక్కటే పెట్టుకొని పాడితే ఆ సగం పోతుంది. పియానో గానీ గిటారు గానీ వాయించే తోడు ఒకరిని వెతుక్కోండి. గాంధారం మీద కంపితం వేయాలన్న, అంటే స్వరాన్ని ఊపాలన్న అలవాటును ఆ కాసేపు ఆపి, స్వరాన్ని నిలకడగా ఉంచండి; జారుడు మాత్రం చక్కగా ఇముడుతుంది. రికార్డింగులు వినదలచుకుంటే మొదట ఆబీ మిచెల్, తరువాత మహేలియా జాక్సన్. మీ నడక బిల్లీ హాలిడే నడక కంటే నెమ్మదిగా ఉండాలి, రిషభం మీద ఆగిన చోట తొందరపడి ముందుకు వెళ్లవద్దు.