గాజులు కోడలే తీసిందంటున్న అత్తగారు

ప్రశ్న: మాది విశాఖపట్నం, మర్రిపాలెం. మా అత్తగారికి 73 ఏళ్లు. రెండేళ్లుగా మతిమరుపు బాగా పెరిగింది. తన గాజులు నేనే తీశానని, అన్నం పెట్టడం లేదని పక్కింటివాళ్లకు చెబుతున్నారు. సాయంత్రమైతే ‘మా ఇంటికి పోతా’నంటూ గుమ్మం దాటుతున్నారు. మావారు ‘వయసు మీద పడితే ఇంతే’ అంటారు. హైదరాబాద్‌లో ఉన్న ఆడపడుచు ఫోన్లో నన్ను నిలదీస్తుంది. తాయెత్తు కట్టించమని ఒక బంధువు పోరు. ఆవిడ కోసం ఉద్యోగం మానేశాను. ఒక్కోసారి అరిచేసి, తర్వాత ఏడుస్తున్నాను. వృద్ధాశ్రమం మాట ఎత్తడం పాపమా?

జవాబు: ముందు గాజుల సంగతి. ఆవిడే ఎక్కడో దాచి ఉంటారు. దాచినట్టు గుర్తులేదు, గాజులు కనబడటం లేదు, మరి ఎవరు తీసినట్టు? రోజంతా కళ్లెదుట తిరిగేది మీరే కాబట్టి నింద మీకొచ్చింది. డిమెన్షియాలో, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా దెబ్బతినే జబ్బులో, ఇది తరచూ కనిపించే లక్షణం. హైదరాబాద్‌లో ఉన్న కూతురి మీద ఆ నింద పడదు, అందుకే మీ బాధ ఆమెకు అందదు. వాదించకుండా ‘రండి, వెతుకుదాం’ అనండి. బియ్యం డబ్బా, దిండు గలీబు, దేవుడి గూడు చూడండి. బంగారం లాకరులో పెట్టి, చేతికి గిల్టు గాజులు వేయండి. అన్నం విషయంలోనూ తిన్నారని రుజువు చేయబోకండి. భోజనం కొద్దికొద్దిగా విడదీసి, అడిగినప్పుడు రెండు ముద్దలు పెట్టండి.

‘వయసు మీద పడితే ఇంతే’ అన్న మాట తప్పు. 2023లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. నూటికి మిగతా 90 మందికి పైగా ముసలివాళ్లు కారా? మీరు రాసినవి ఆ జబ్బు లక్షణాల్లాగే ఉన్నాయి, తేల్చాల్సింది మాత్రం డాక్టరు. బి12 లోపం, థైరాయిడ్, డిప్రెషన్ కూడా మతిమరుపు తెస్తాయి, వాటికి వైద్యం ఉంది. కేజీహెచ్‌ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో న్యూరాలజీ విభాగానికి తీసుకెళ్లండి. చినవాల్తేరు మానసిక వైద్యశాల పేరెత్తితే బంధువులు ముఖం చాటేస్తారేమో, చాటేయనివ్వండి. తాయెత్తు కూడా కట్టనివ్వండి, ఇంట్లో ఒక గొడవ తగ్గుతుంది. మందు మాత్రం ఆగకూడదు.

ఇక అసలు విషయం. పెద్దవాళ్లను ఇంట్లోనే చూసుకోవాలంటాం. మంచి మాటే. ఎవరు చూసుకోవాలో మాత్రం పైకి చెప్పం. స్నానం, పక్కబట్టలు, మరుగుదొడ్డి దగ్గరికొచ్చేసరికి అది కోడలి వంతని అందరికీ దానంతటదే తెలిసిపోతుంది. తలకొరివికి కొడుకే కావాలంటారు, తలంటుకు మాత్రం కోడలు కావాలి! 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల చట్టం ‘పిల్లలు’ అంటూ కొడుకును, కూతురిని, మనవలను పేర్కొంది. అందులో కోడలు లేదు. కోర్టుకెక్కమని కాదు, మీవారికి, ఆడపడుచుకు ఈ సంగతి తెలియాలని చెబుతున్నాను. తల్లికి స్నానం చేయించడానికి మీవారు సంకోచిస్తే ఆయాను పెట్టండి, జీతం అన్నాచెల్లెళ్లు కలిసి ఇవ్వాలి. ఆసుపత్రి, బ్యాంకు, రాత్రి మందులు ఆయనవి. ఆడపడుచు ఒక వారం వచ్చి తల్లి దగ్గర ఉండాలి, ఆ వారం మీరు పుట్టింటికి వెళ్లాలి. గాజులు పోయాయన్న మాట ఆమె కూడా ఒకసారి వినాలి.

‘మా ఇల్లు’ అంటే బహుశా ఆవిడ పుట్టిల్లు. ‘ఇదే మీ ఇల్లు’ అని సరిదిద్దకుండా, ఆ ఇంటి కబుర్లు అడగండి. చీకటి పడకముందే లైట్లు వేసి, వీధి చివరిదాకా నడిపించి తీసుకురండి. ఆవిడ దగ్గర ఎప్పుడూ పేరు, ఫోన్ నంబరు ఉండాలి. జబ్బు సంగతి పక్కింటివాళ్లకు, వీధి చివరి కొట్టువాడికి దాచకుండా చెప్పండి. ఆవిడ దారి తప్పితే ఇంటికి చేర్చేది వాళ్లే. సింహాచలం వెళ్లే అలవాటుంటే మానిపించకండి. చందనోత్సవం, గిరి ప్రదక్షిణ రద్దీలో వద్దు, మామూలు రోజు పొద్దున్నే వెళ్లండి. షుగరుంటే మందు వేసుకుని ఉపవాసం ఉండటం ప్రమాదం.

వృద్ధాశ్రమం పాపం కాదు. రాత్రుళ్లు నిద్ర లేక మీ ఆరోగ్యం చెడితే, ఆవిడ చేయి చేసుకునేదాకా వస్తే ఆలోచించాల్సిందే. అన్ని ఆశ్రమాలూ డిమెన్షియా ఉన్నవారిని చేర్చుకోవు, రాత్రి కాపలా ఎవరో ముందే కనుక్కోండి. వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567లో అడగవచ్చు. కోపం తన్నుకొచ్చినప్పుడు ఆవిడను సురక్షితంగా కూర్చోబెట్టి, అయిదు నిమిషాలు పక్క గదిలోకి వెళ్లండి.

ఉద్యోగం మానేశానన్నారు. తిరిగి చేరే వీలుందేమో ఈ వారమే అడగండి. మీ జీతంతో పోలిస్తే ఆయా ఖర్చు ఎంతో మీవారి ఎదుటే కాగితం మీద లెక్క వేయండి.