అలిగిన రోజు ఒకటి ఉంచండి: దసరా సెలవుల మీద ఉత్తరాలు, జవాబులు

ఈ నెల ఉత్తరాలన్నీ దాదాపు ఒకటే పాట. సెలవులొస్తున్నాయి, పిల్లలతో ఎట్లా? సర్కారు బడిలో సైన్సు చెప్పి రిటైరైన దాన్ని నేను. సెలవులంటే పిల్లలకంటే నాకే ఎక్కువ ఇష్టంగా ఉండేది. జవాబుల్లో ఆ పక్షపాతం కనిపిస్తే సర్దుకోండి.

టీచర్ గారూ, మాది కూకట్‌పల్లి. ఇద్దరం ఉద్యోగాలకు పోతాం. పాప నాలుగో తరగతి, బాబు యూకేజీ. పోయిన దసరాకు గంటగంటకూ ఏం చెయ్యాలో చార్టు రాసి ఫ్రిజ్‌కు అంటించాను. డ్రాయింగు, అబాకస్, కథల పుస్తకం, పార్కు. రెండో రోజుకే అది మూలన పడింది, ఆ తర్వాత టీవీయే. ఈసారి జనగామ నుంచి మా అత్తమ్మ వస్తున్నారు. ఎక్కువ ఖర్చు లేకుండా ఏదైనా ప్లాను చెప్పండి.

బిడ్డా, నువ్వు రాసింది సెలవుల చార్టు కాదు, బడి టైంటేబులే. బెల్లు ఒక్కటే తక్కువ. పిల్లలు దాన్ని పక్కన పెట్టారంటే వాళ్ల బుర్ర బాగానే పనిచేస్తోందని అర్థం.

అసలు చార్టు మీ అత్తమ్మ దగ్గర ఉంది. పెత్తర అమాస నాడు ఎంగిలిపూలతో మొదలై దుర్గాష్టమి నాడు సద్దులతో ముగిసే తొమ్మిది రోజుల బతుకమ్మ పండుగది. రోజుకో పేరు, దాదాపు ప్రతి పేరులోనూ ఓ వంట. అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, వెన్నముద్దలు. ఊరిని బట్టి ఒకటి రెండు అటూ ఇటూ మారతాయి, దాని మీద అత్తాకోడళ్లు వాదించుకోకండి. వేపకాయల రోజున మాత్రం పిండి పిల్లలకే వదిలెయ్యి. తడిపిన బియ్యప్పిండిని వేపకాయంత ఉండలుగా చెయ్యడానికి ఐదేళ్ల వేళ్లే సరిగ్గా సరిపోతాయి. నూనె దగ్గర పని మాత్రం పెద్దవాళ్లది.

ఇక పూలు. పండుగకు ముందు ఆదివారం ఒక పూట ఘట్‌కేసర్ దాటి అటు జనగామ వైపు పోయి రండి. వానలు వెనకబట్టే ఈ రోజుల్లో జొన్నచేలల్లో, గట్ల మీద గునుగు తెల్లగా, కొసన గులాబీ రంగుతో నిలబడి ఉంటుంది. రైతుకు అది కలుపు మొక్క, అడిగితే సంతోషంగా కోసుకొమ్మంటాడు. అడగకుండా మాత్రం చేలో దిగొద్దు. అందరికీ బూట్లు ఉండాలి, ముందు నడిచేవాళ్ల చేతిలో కర్ర ఉండాలి. గడ్డిలో పాములు తిరిగే కాలమిది. గునుగు రోజుల తరబడి వాడదు కాబట్టి ముందే కోసి పెట్టుకోవచ్చు. తంగేడు అట్లా కాదు, కోసిన పూటే పేర్చాలి. దొరక్కపోతే గుడిమల్కాపూర్ మార్కెట్‌కు తెల్లవారకముందే పోవాలి. ఒక్కసారైనా పాపను వెంట తీసుకుపో. ఆ చీకట్లో బంతిపూల గుట్టల మధ్య నిలబడటం ఏ పార్కుకూ తీసిపోదు.

పేర్చేటప్పుడు మీ అత్తమ్మ చెప్పినట్టు వినండి. సిబ్బిలోనో తాంబాళంలోనో గుమ్మడి ఆకులు పరిచి, అడుగు వరుసకు తంగేడు. పైన గునుగు, బంతి, కట్లపూలు, ఏవి దొరికితే అవి. నడుమ బోలుగా వదలకుండా తరిగిన కాడలూ ఆకులూ కూరుతూ, వరుస వరుసకూ లోపలికి తగ్గిస్తూ పోవాలి. పైన పసుపు గౌరమ్మ. కాడలన్నీ ఒకే పొడవున తుంచడం పాప పని, నడుమ ఆకులు కూరడం బాబు పని. వరుసల చుట్టుకొలత కొలిపించి గణితం నేర్పొచ్చని నాలోని టీచరు అంటోంది. ఆమె మాట వినకు. గునుగుకు రంగులద్దడం కూడా నాకు నచ్చదు. దాని రంగు దానికి ఉంది. పైగా ఆ రంగు నీళ్లన్నీ చివరికి చెరువులోకే పోతాయి.

అసలు సంగతి ఆరో రోజున ఉంది. ఆ రోజు బతుకమ్మ అలుగుతుంది. పేర్చరు, ఆడరు, నైవేద్యం పెట్టరు. ఎందుకు అలిగిందంటే ఊరికో కథ చెబుతారు. పండుగ నట్టనడుమ ఏమీ చెయ్యని రోజొకటి పెట్టిన మన పెద్దవాళ్ల తెలివి మాత్రం నాకు మహా ఇష్టం. మీ ఇంట్లోనూ ఆ రోజు ఎవరూ ఎవరినీ ఎక్కడికీ తీసుకుపోవద్దు. పిల్లలు "ఏం తోస్తలేదు" అంటే "అవునా" అని ఊరుకో. కాసేపటికి మంచం కింద దూరి ఏదో ఒక ఆట మొదలుపెడతారు. ఏం ఆట అని అడగకు.

మిగతా రోజుల్లో పొద్దున పూలు, సాయంత్రం ఆట. ఆ రెంటి మధ్యా ఏం చేస్తారో వాళ్లిష్టం. మీ అత్తమ్మ పాడే ఉయ్యాల పాటలు ఫోనులో రికార్డు చెయ్యడం పాపకు అప్పగించు.

ఇంకొక్క మాట. దసరా నాడు పాలపిట్టను చూపిస్తామని పంజరాలు పట్టుకుని వీధుల్లో తిరిగేవాళ్లకు పైసా ఇవ్వకండి. ఆ పిట్టను పట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. జమ్మికి పోయే దారిలో పొలాల పక్క కరెంటు తీగల మీదికి చూస్తూ ఉండండి. రెక్క విప్పి ఎగిరినప్పుడే దాని నీలం కనిపిస్తుంది. కనిపించకపోతే కనిపించలేదని ఇంటికి రండి. జమ్మి బంగారం ఎట్లాగూ పంచుకుంటారు.

అమ్మా, నమస్కారం. మాది విజయవాడ. నాకు డెబ్బై దాటాయి. మూలా నక్షత్రం రోజు అమ్మవారి సరస్వతి అలంకారం నాలుగేళ్ల మనవరాలికి చూపించి, అక్షరాలు దిద్దించాలని నా కోరిక. కోడలు వద్దంటోంది. మీరైనా చెప్పండి.

నేనూ వద్దనే చెబుతానండీ. ఇంద్రకీలాద్రి మీద ఏడాది మొత్తంలో విపరీతమైన రద్దీ ఉండే రోజుల్లో అదొకటి. నాలుగేళ్ల పిల్ల ఆ క్యూలో చూసేది అమ్మవారిని కాదు, ముందున్నవాళ్ల నడుములు. ఆ పొద్దున ఇంట్లోనే పళ్లెంలో బియ్యం పోసి వేలు పట్టి దిద్దించండి. కొండకు దసరా వెళ్లాక, మామూలు రోజున, పొద్దున్నే తీసుకెళ్లండి.

చూపించాలనే సరదా తీరాలంటే కొండపల్లికి వెళ్లండి. మీ ఊరికి ఇరవై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. బొమ్మల కాలనీలో తెల్ల పొణికి కర్ర చెక్కుతూ, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన ముద్దతో కాళ్లూ చేతులూ అతికిస్తూ కనిపిస్తారు. ఒక్క బొమ్మ కొనండి, అదీ మనవరాలు ఏరుకున్నదే. మీకు దశావతారాల సెట్టు నచ్చుతుంది, ఆమెకు ఏనుగు నచ్చుతుంది. ఏనుగే కొనండి.

ఆంటీ, మేం న్యూజెర్సీలో ఉంటాం. అక్టోబరు వస్తే మా పిల్లలకు హాలోవీన్, గుమ్మడి తోటలు తప్ప ఇంకేం పట్టదు. మా అమ్మ చిన్నప్పుడు మాకు బొమ్మల కొలువు పెట్టేది. ఇక్కడ నా దగ్గర పట్టుమని పది బొమ్మలు లేవు. ఎలా?

పోటీ పెట్టకమ్మా, ఓడిపోతావు. మిఠాయిలిచ్చే పండుగతో ఎవరు గెలుస్తారు? గుమ్మడి తోటకు నువ్వూ వెళ్లు. చెక్కడానికి అమ్మే పెద్దకాయలతో పాటు, వంటకని అమ్మే చిన్న గుండ్రటి కాయలు కూడా రెండు తెచ్చుకో. పెద్దవి నీరుగా ఉంటాయి, రుచి చిన్నవాటిదే. బెల్లం, చింతపండు వేసి పులుసు పెట్టు. గింజలు కడిగి ఉప్పేసి వేయించడం పిల్లలకు అప్పజెప్పు. కాయను వాళ్లే మోసుకొచ్చారు కాబట్టి పులుసు రుచి చూడకుండా ఉండలేరు.

కొలువుకు బొమ్మలు లేకపోవడమేమిటి? మూడు మెట్లు చాలు. పై మెట్టు మీద దేవుళ్లు, నడుమ నీ దగ్గరున్న ఆ కాసినీ, కింది మెట్టు మొత్తం పిల్లలది. కార్లు, లెగోలు, డైనోసార్లు, వాళ్ల ఇష్టం. మా ఎరుకలో ఉన్న కొలువుల్లో పెళ్లివారి ఊరేగింపు, కూరగాయల సంత, పోలీసు బొమ్మ అన్నీ ఉండేవి. మరి డైనోసార్ ఏం పాపం చేసింది? దసరా వారం మధ్యలో వస్తే పేరంటం శనివారానికి జరుపుకో. ఆ నెలలో మీ దుకాణాల ముందు కుండీల కొద్దీ చామంతులు పెడతారు కదా, బతుకమ్మకు అవే బంగారం. నిమజ్జనం మాత్రం పార్కు చెరువులో చెయ్యకండి, పెరట్లో టబ్బు చాలు.

మేడమ్, కాకినాడలో మా అపార్ట్‌మెంటు వాళ్లం కార్తీక వనభోజనాలకు వెళ్లాలనుకుంటున్నాం. నలభై మందిమి. బాధ్యత నా నెత్తిన పడింది. ఏమేం చూసుకోవాలి?

అన్నిటికంటే ముందు ఆకాశం చూసుకోండి. పత్రికల్లో "శరత్తు, నిర్మలాకాశం" అని రాస్తాం గానీ మీ తీరానికి అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల కాలం. దివిసీమ ఉప్పెన వచ్చిన 1977 నవంబరు 19 కార్తీకమాసంలోదే. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖను తాకింది. అందుకని తేదీ ఒకటి కాదు, రెండు ఆదివారాలు అనుకోండి. వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే మారుమాట లేకుండా రెండోదానికి జరపండి. అడ్వాన్సు ఇచ్చేటప్పుడే తోటవాళ్లకు ఈ మాట చెప్పి ఉంచండి.

తోటలో ఉసిరిచెట్టు ఉందో లేదో వెళ్లి కళ్లారా చూడండి. "ఉందండీ" అని ఫోనులో అన్నవాళ్ల చెట్టు ఒక్కోసారి మోకాలెత్తు మొక్క అవుతుంది. లేకపోతే కాయలున్న కొమ్మ తెచ్చి కుండీలో నాటి పూజ కానిచ్చేయండి, చాలామంది చేసేదే. పులిహోర పొద్దున కలిపినా మధ్యాహ్నానికి ఇంకా రుచిగా ఉంటుంది. దద్దోజనంలో పెరుగు అక్కడికి వెళ్లాకే కలపండి. విస్తరాకులు తీసుకెళ్లండి, థర్మోకోల్ పళ్లేలు వద్దు. చెత్త సంచులు ఎవరు వెనక్కి మోసుకొస్తారో వెళ్లేముందే పేరు పెట్టి చెప్పండి.

తంబోలా పెట్టకండి, దయచేసి. అది హాల్లో ఆడుకునేది. చెట్లున్న చోటికి పోయి కుర్చీల్లో అంకెలు కొట్టుకుంటూ కూర్చోవడం నాకు ఎప్పటికీ అర్థం కాదు. ఏడుపెంకులాటకు ఒక బంతీ, ఏడు పెంకులూ చాలు. తాతలు కూడా లేచి వస్తారు.

టీచరమ్మా, కరీంనగర్ నుంచి రాస్తున్నాను. మా బాబుకు పద్నాలుగేళ్లు. సెలవుల్లో ఎక్కడికి పోదామన్నా రానంటాడు. గదిలో ఫోనుతోనే. వాడితో ఏం చేయించాలి?

ఫోను వాడి చేతిలోనే ఉండనివ్వు బాబూ, లాక్కుంటే పోట్లాట. దసరా వెళ్లిన నాలుగైదు రోజులకు ఆశ్వయుజ పౌర్ణమి. ఆ రోజు చంద్రుడు అశ్విని నక్షత్రం దగ్గర ఉంటాడు. నెల తిరిగి కార్తీక పౌర్ణమికి కృత్తికల దగ్గరికి వస్తాడు. నెలలకు ఆ పేర్లు అట్లా వచ్చినవే. ఇది నిజమో కాదో మేడ మీదికెక్కి తేల్చమను. నమ్మొద్దనే చెప్పు, ఆ వయసుకు అదే బాగా పనిచేస్తుంది.

పౌర్ణమి వెలుతురులో చిన్న చుక్కలు కనిపించవు. అది దాటిన వారం పది రోజులకు, రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో తూర్పు వైపు చూడండి. చిన్న గుంపుగా మసకగా కనిపించేవి కృత్తికలు, వాటి కిందుగా ఎర్రటి చుక్క రోహిణి. మామూలు కంటికి కృత్తికలు ఆరు దాకా కనిపిస్తాయి. వాడి కళ్లకు ఎన్ని కనిపిస్తే అన్ని లెక్కపెట్టమను. నువ్వు పక్కన నిలబడు గానీ ఉపన్యాసం ఇవ్వకు. ఆకాశం చూపించే యాప్‌లు ఉన్నాయి, వాడే వెతుక్కుంటాడు. నాలుగు రోజులు పోయాక కూడా రానంటే వదిలెయ్యి. పద్నాలుగేళ్లంటే ఏడాది పొడుగునా అలిగిన బతుకమ్మే.

మేడమ్, జడ్చర్ల దగ్గర రోడ్డు పక్కన సీతాఫలాల గంప కొన్నాం. పిల్లలు రోజూ నొక్కి చూస్తున్నారు. సగం కాయలు పండకుండానే నల్లబడిపోయాయి. ఎందుకు?

లేతకాయలు కలిపి అమ్మేశారు. కొనేటప్పుడు కాయ మీది గడుల మధ్య సందు చూడండి. సందులు విచ్చుకుని తెల్లగానో పసుపుగానో కనిపిస్తే ఆ కాయ రెండు మూడు రోజుల్లో పండుతుంది. గడులు ఒకదానికొకటి అంటుకుని ఉంటే ఎన్ని రోజులు బియ్యంలో పూడ్చినా గట్టిగానే ఉండి నల్లబడుతుంది. ఈసారి గంప దింపించి, కాయలు పిల్లల చేత ఏరించండి. ఇప్పుడు నొక్కుతున్నారు కదా, ఆ పనేదో అక్కడే చేస్తారు. తిన్నాక గింజలు లెక్కపెట్టి ఆడుకోవచ్చు గానీ నలగ్గొట్టనివ్వకండి. ఆ పొడి కంట్లో పడితే చాలా ప్రమాదం. పడితే వెంటనే మంచినీళ్లతో బాగా కడిగి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.