టెక్ సందేహాలు: మీ మంచి మాట మీ పేరుతోనే తిరగాలంటే

ఈ వారం గోదావరి డెల్టా నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే సంగతి మీద ఉన్నాయి. జీవితం గురించి సొంతంగా నాలుగు మంచి మాటలు రాసి పంచుకునేవాళ్ల ఇబ్బందులవి. ఎక్కడినుంచో వచ్చిన గుడ్ మార్నింగ్ బొమ్మను అలాగే ముందుకు తోసేయకుండా, కూర్చుని ఒక వాక్యం చెక్కేవాళ్లంటే నాకు గౌరవం. అందుకే ఈసారి చోటంతా వాళ్లకే.

పాలకొల్లు నుంచి రిటైరైన తెలుగు మాస్టారు: నోటుబుక్కుల్లో రాసుకున్న మాటలన్నీ డీటీపీ షాపులో టైపు చేయించానండి. ఆ ఫైలు ఫోన్‌లోకి తెచ్చి వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే ఇంగ్లిష్ అక్షరాలు, ఏవేవో గుర్తులు వస్తున్నాయి. ఫైలు పాడైందా?

పాడవలేదు మాస్టారూ. షాపులో అను ఫాంట్లతో కొట్టి ఉంటారు. వాటిలో తెలుగు అక్షరాల ముక్కల్ని ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చారు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో చక్కగా కనబడుతుంది, లేని చోట ఆ ఇంగ్లిష్ అక్షరాలే బయటపడతాయి. ఫోన్లకు అర్థమయ్యేది యూనికోడ్, అంటే ప్రతి భాష అక్షరానికీ విడిగా ఒక సంఖ్య ఇచ్చే పద్ధతి. 1991లో వచ్చిన దాని మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు 128 స్థానాలు విడిగా కేటాయించారు.

అను నుంచి యూనికోడ్‌కు మార్చే ఉచిత కన్వర్టర్లు నెట్‌లో దొరుకుతాయి. మీది అను 6తో చేసిందో, అను 7తో చేసిందో ముందు షాపువాళ్లను అడగండి. వెర్షన్ తప్పితే అక్షరాలు కూడా తప్పుతాయి. మార్చాక ఒత్తులు, సున్నాలు నోటుబుక్కుతో పోల్చి చూసుకోవాల్సిందే. ఇకమీదట రాసేవి మాత్రం గూగుల్ వాళ్ల కీబోర్డు యాప్ జీబోర్డులో తెలుగు పెట్టుకుని నేరుగా ఫోన్‌లోనే రాసుకోండి.

అమలాపురం దగ్గరి ఒక లంక గ్రామం నుంచి: "వరదలో గట్టు ఎవరిదని అడగం, నీళ్లు తీశాకే కొలతలు మొదలెడతాం" అని రాసి, కింద నా పేరుతో బొమ్మ చేసి మా ఊరి గ్రూపులో పెట్టానండి. వారం తిరక్కుండా మా బావగారే దాన్ని నాకు పంపారు. పేరు కత్తిరించేసి ఉంది, పైన రెండు బాణాల గుర్తు ఉంది. నాది అని చెప్పుకునే దారి లేదా?

ముందుగా, మాట బాగుంది. నీళ్లలో నిలబడ్డవాళ్లే రాయగల మాట. అందుకే అంత దూరం తిరిగింది.

ఒక సందేశం అసలు పంపినవాళ్ల నుంచి కనీసం ఐదు చేతులు మారితే రెండు బాణాలు వస్తాయి. అక్కణ్నుంచి దాన్ని ఒక్కసారికి ఒక్క చాట్‌కే పంపగలరు. 2020 నుంచి ఉన్న నియమం ఇది. ఎన్ని చేతులు మారిందో లెక్క ఉంటుంది గానీ, మొదట రాసిందెవరో వాట్సాప్ ఎక్కడా చూపించదు. ఫొటో ఫైలు లోపలి వివరాల్లో పేరు పెడదామన్నా, మామూలుగా ఫొటోలా పంపినప్పుడు ఆ వివరాలు తుడిచిపెట్టుకుపోతాయి.

కాబట్టి పేరును మాటలోనే ఇమడ్చాలి. మన శతక కవులు చేసిన పనే ఇది. వేమన పద్యం ఎంతమంది నోళ్లలో పడినా చివరి పాదంలో ఆయన పేరు ఊడిపోలేదు, తీస్తే పద్యమే కుంటుతుంది. మీరూ పేరునో కలం పేరునో రెండు వాక్యాల మధ్యకు తెండి, లేదా అక్షరాల వెనక లేత రంగులో పరచండి. అంచున ఉన్నది ఒక్క క్రాప్‌తో పోతుంది. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సూరన్న వంటి తెలుగు ఫాంట్లు ఉచితం. పిక్సెల్‌ల్యాబ్ లాంటి యాప్‌లోకి వాటిని ఎక్కించుకోవచ్చు.

బొమ్మతో పాటు అదే మాటను టెక్స్ట్‌గా కూడా పంపండి. బొమ్మలోని అక్షరాలు చాట్‌లో వెతికితే దొరకవు, టెక్స్ట్ దొరుకుతుంది. అక్షర దోషం కనిపిస్తే పంపిన 15 నిమిషాల్లోపు దిద్దుకోవచ్చు కూడా. అయితే ఈలోగా వేరేవాళ్లు ఫార్వర్డ్ చేసిన కాపీలు మారవు.

చట్టం సంగతి క్లుప్తంగా. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచనకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ ఒంటరి వాక్యానికి రక్షణ దొరకడం కష్టం, అన్నీ కలిపి సంకలనంగా వేస్తే బలం ఎక్కువ. గూగుల్ డాక్స్‌లో రాసుకుంటూ పోతే ఏ మాట ఏ రోజు రాశారో దాని వెర్షన్ హిస్టరీలో ఉంటుంది.

భీమవరం నుంచి, రొయ్యల చెరువులు చూసుకునే యువకుడు: నా మాట నా పేరుతో పెడితే పది మంది కూడా చూడరు. అదే కలాం గారి ఫొటో వేసి పెడితే స్టేటస్‌కు తెగ రిప్లైలు. తప్పంటారా? పోనీ ఏఐతో రాయించుకుంటే?

తప్పే తమ్ముడూ. కలాం గారు 2015లో కన్నుమూశారు. "ఇది నేను అనలేదు" అని చెప్పడానికి ఆయన లేరు. ఆయన పేరుతో తిరిగే అబద్ధపు మాట ఒక్కొక్కటీ ఆయన నిజంగా అన్నవాటి మీద నమ్మకం తగ్గిస్తుంది. పైగా నీ మాట నీకు కాకుండా పోతుంది. రేపు నీదని చెప్పినా ఎవరూ నమ్మరు. పది మందే చూడనీ, ఆ పది మందికీ నువ్వు తెలుసు.

ఏఐ రాసింది నీ పేరుతో పెట్టకు. అక్షర దోషాలు చూడమని అడుగు, చాలు. అప్పుడు కూడా నీ వాక్యాన్ని పక్కన పెట్టుకుని పోల్చుకో, అడగని మాటలు కూడా మార్చేస్తుంది. ఇంకొకటి, పోస్ట్ చేసే ముందు నీ వాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతుకు. ఎప్పుడో చదివిన మాట మన సొంతమనిపించడం ఎవరికైనా జరుగుతుంది.

రాజోలు నుంచి ఒక అమ్మాయి: మా అమ్మమ్మ చదువుకోలేదండి. మాట్లాడుతుంటే మాత్రం సామెతలు పుడతాయి. మొన్న రేవులో "పంటు దాటేదాకా అందరం సుట్టాలే" అంది. పంటంటే మమ్మల్ని ఏరు దాటించే పెద్ద పడవ. వాయిస్ టైపింగ్ పెడితే సగం తప్పులు. ఎలా దాచాలి?

వాయిస్ టైపింగ్‌ను పక్కన పెట్టమ్మా. ఆ యాస, రేవు దగ్గరి ఇంజను మోత కలిస్తే దానికి అందదు. ఫోన్‌లోని రికార్డర్‌తో ఆమె గొంతే రికార్డ్ చేయి. ఫైలుకు తేదీ, సందర్భం పేరుగా పెట్టి గూగుల్ డ్రైవ్‌లో వేయి. 15 జీబీ దాకా ఉచితం. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా మాత్రమే ఉంచితే ఫోన్ మార్చినప్పుడు పోవచ్చు. తర్వాత తీరిగ్గా విని నువ్వే టైపు చేసి, కింద అమ్మమ్మ పేరు రాయి. ఆమె "సుట్టాలే" అంటే "సుట్టాలే" అనే ఉంచు. కీబోర్డు దాన్ని దిద్దబోతే జీబోర్డు సెట్టింగ్స్‌లో టెక్స్ట్ కరెక్షన్‌లోకి వెళ్లి ఆటో కరెక్షన్ ఆపేయి.