మియాపూర్‌లో పిల్లల డాక్టర్ కోసం
మియాపూర్‌కి కొత్తగా వచ్చాం, ఎనిమిది నెలల పాపని ఎవరికి చూపించాలి అని అడిగారు కదండీ. జ్వరం వచ్చాక కాదు, పాప బాగున్నప్పుడే వెతకండి. 9 నెలలు నిండగానే తట్టు టీకా ఎలాగూ వేయించాలి, ఆ వంకన ఒకరిని కలిసినట్టూ ఉంటుంది. బోర్డు మీద పిల్లల వైద్యంలో ఎండీ పీడియాట్రిక్స్, డీఎన్‌బీ, డీసీహెచ్ లాంటి ప్రత్యేక చదువు ఉందా చూడండి. గూగుల్ రేటింగ్ కంటే మీ అపార్ట్‌మెంట్‌లో చంటిపిల్లల తల్లుల మాట నయం.

మావాడికి మొదట చూపించినచోట జలుబు అనగానే యాంటీబయాటిక్ రాసేశారు, బరువు కూడా తూచలేదు. మళ్లీ వెళ్లలేదు లెండి. ఇప్పటి డాక్టర్‌గారు ముందు బరువు చూసి, దాన్ని బట్టే పారాసిటమాల్ ఎన్ని ఎం.ఎల్. వేయాలో రాసిస్తారు.

అర్ధరాత్రి అవసరమైతే ఎక్కడికి రావాలో మొదటిరోజే అడగండి. ఆయాసం, ఫిట్స్ లాంటివైతే మాత్రం ఎవరి కోసమూ ఆగకుండా 108కి చేయండి. లక్డీకాపూల్ దగ్గర రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి నిలోఫర్ ఉండనే ఉంది.