‘ది గాడ్‌ఫాదర్’లో డాన్ కళ్ళు ఎందుకు సరిగా కనిపించవు?

లైట్లను ముఖానికి ఎదురుగా పెట్టకుండా నెత్తిమీద వేలాడదీశారు కాబట్టి. 1972 నాటి ఈ సినిమాకి ఛాయాగ్రాహకుడు గోర్డన్ విల్లిస్. వెలుగు పైనుంచి పడితే కనుబొమల నీడ కళ్ళలోకి దిగుతుంది. డాన్ పాత్ర వేసిన మార్లన్ బ్రాండోకి పెట్టిన ముసలి మేకప్‌కి ఈ లైటింగే కుదిరింది. కథకి దక్కిన లాభం ఇంకా పెద్దది: డాన్ మనసులో ఏముందో ఎదుటివాడికి అంతుపట్టదు.

మొదటి సీనే చూడండి. తన కూతురికి న్యాయం చేయమని బొనసెరా అనే ఆయన డాన్‌ని వేడుకుంటుంటే కెమెరా మెల్లగా జూమ్ అవుట్ అవుతుంది. ముందు కనిపించేది డాన్ భుజం, చెయ్యి మాత్రమే. బయట పెళ్ళి సందడిలోనేమో ఎండ ధగధగలాడుతుంటుంది.

ప్రింటు పాతబడిందనో, లైట్లు చాల్లేదనో చాలామంది అనుకుంటారు. అదేం కాదు, ఆ చీకటి కావాలని పెట్టుకున్నదే. అప్పట్లో స్టూడియోవాళ్ళకే అది మింగుడుపడలేదు.